బత్తా ఎవరి లెక్కలో?



ఈ పూట లారీ డ్రైవరు బత్తా గురించి మాట్లాడుకుందాం. డ్రైవర్లు వింటుంటే మంచిదే. వాళ్లు దారిలో ఉంటే ఇంట్లో ఉన్న అమ్మలు, అక్కచెల్లెళ్లు వినండి. ఈ లెక్క తేడా వస్తే ముందు పడేది ఇంటి మీదే.

మన దివిసీమలోని నాగాయలంక సంగతే తీసుకోండి. చెరువు పట్టుబడి అయింది. బొచ్చెలు, శీలావతులు ట్రేలకెత్తారు. ఐసు కొట్టి పైన పోశారు. టార్పాలిన్ బిగించారు. లారీ కదిలింది. అవనిగడ్డ, మోపిదేవి, చల్లపల్లి దాటి, పామర్రు, గుడివాడ మీదుగా హనుమాన్ జంక్షన్ దగ్గర పెద్ద హైవే ఎక్కింది. ఇచ్ఛాపురం దాకా మన రాష్ట్రం. ఆపైన ఒడిశా. ఆ తర్వాత బెంగాలు. ఐసు కరిగిపోకముందే హౌరా మార్కెట్లో సరుకు దిగాలి. నిద్ర సంగతి తర్వాత.

బయలుదేరే ముందు ఓనరుగారు డ్రైవరు చేతిలో డబ్బు పెడతారు. ఇప్పుడు చేతిలో కాదు లెండి, ఫోన్లో వేస్తారు. అందులో డీజిలు డబ్బుంది. దారి ఖర్చులున్నాయి. సరుకు దింపే కూలీల డబ్బుంది. వాటన్నిటితో కలిపి బత్తా ఉంది. కొందరు రోజుకింత అంటారు. కొందరు ట్రిప్పుకింత అంటారు. కొందరు కిలోమీటరుకింత అంటారు. ఏ లెక్కన ఇచ్చినా పని ఒకటే. ఇల్లు వదిలి రోడ్డు మీద ఉన్నన్నాళ్లు తిండికి, టీకి, స్నానానికి ఇచ్చే డబ్బు అది.

పేరుకు తిండి డబ్బే. కానీ డ్రైవరు దాన్ని తినేస్తాడా? ఈసారి లారీ ఆగి ఉన్నప్పుడు టూల్ బాక్సులోకి తొంగి చూడండి. జాకీ పక్కన, వీల్ స్పానర్ పక్కన చిన్న గ్యాసు స్టవ్వు ఉంటుంది. బియ్యం డబ్బా ఉంటుంది. కారం, చింతపండు, ఉల్లిపాయలు. పాత గుడ్డలో చుట్టిన ఆవకాయ సీసా. లారీ నీడలో డ్రైవరూ, క్లీనరూ కూర్చుంటారు. క్లీనరు బియ్యం కడుగుతాడు. డ్రైవరు ఉల్లిపాయ తరుగుతాడు. మనం బస్సు కిటికీలోంచి చూసి, భలే సరదా బతుకు అనుకుంటాం. సరదా కాదండీ. డాబాలో రెండు పూటలా తింటే బత్తా తరిగిపోతుంది. వండుకుంటే మిగులుతుంది. ఆ మిగిలిందే ఇంటికి పంపిస్తాడు. పిల్లల ఫీజు దాంతోనే. చీటీ పాట దాంతోనే.

అంటే ఏమిటన్నమాట? బత్తా డ్రైవరు ఇంట్లో జీతం. ఓనరుగారి కాగితం మీద ఖర్చు. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ మళ్లీ దీని దగ్గరికే వస్తాం. ఇంట్లో జీతం, కాగితం మీద ఖర్చు.

లెక్క తేలిగ్గా ఉండడానికి ఒక డ్రైవరును అనుకుందాం. వయసు 40. నెల జీతం 8,000 రూపాయలు. బత్తా రోజుకు 500. నెలలో 24 రోజులు రోడ్డు మీద ఉంటాడు. బత్తా 12,000 అయింది. జీతం 8,000, బత్తా 12,000. మొత్తం 20,000. ఇవి నేను లెక్క కోసం వేసుకున్న అంకెలు. మీ ఇంట్లో అంకెలు వేరుగా ఉంటాయి. మీరు మీ అంకెలు వేసుకోండి.

మొదట పన్ను సంగతి చూద్దాం. చాలామంది అడిగేది ఇదే. "బత్తా మీద ఇన్‌కమ్‌ట్యాక్స్ పడుతుందా అండీ?"

ఉద్యోగి పని మీద ఊరు దాటి వెళ్లినప్పుడు రోజు ఖర్చులకని ఇచ్చిన డబ్బు, నిజంగా ఖర్చు పెట్టిన మేరకు ఆదాయం కాదు. పన్ను చట్టం ఎప్పటినుంచో చెప్పే మాట ఇది. రవాణా ఉద్యోగులకని 1962 నాటి పన్ను నియమాల్లో ఇంకో వెసులుబాటు కూడా పెట్టారు. రోజువారీ భత్యం విడిగా తీసుకోని వాళ్లకు, బండి నడిపేటప్పటి సొంత ఖర్చులకని అలవెన్సు ఇస్తే, అందులో నూటికి 70 వంతులు, నెలకు 10,000 మించకుండా మినహాయించారు. కొత్త పన్ను పద్ధతి ఎంచుకున్న వాళ్లకు ఈ రెండోది వర్తించదు.

ఇదంతా విని తల పట్టుకోకండి. మన డ్రైవరుకు ఇందులో ఏదీ అక్కర్లేదు. అతని ఏడాది రాబడి జీతం, బత్తా కలిపినా 2,40,000. 2025-26 నుంచి కొత్త పద్ధతిలో 12 లక్షల ఆదాయం దాకా కట్టాల్సిన పన్ను సున్నా. బత్తాను జీతమని రాసినా సున్నాయే. ఖర్చని రాసినా సున్నాయే. పన్నే లేని మనిషికి పన్ను మినహాయింపు ఇచ్చి ఏం లాభం?

ఇక్కడ ఒక్కసారి అమెరికా దాకా వెళ్లొద్దాం. మన దివిసీమ పిల్లలు అక్కడ చాలామందే ఉన్నారు కాబట్టి కొందరు వినే ఉంటారు. అక్కడి ట్రక్కు డ్రైవర్లకూ ఇలాంటి బత్తా ఉంది. దాన్ని పర్ డీమ్ అంటారు. రోజంతా ఇల్లు వదిలి రోడ్డు మీద ఉన్న డ్రైవరుకు 2024 అక్టోబరు నుంచి అక్కడి పన్ను శాఖ ఒప్పుకునే లెక్క రోజుకు 80 డాలర్లు. సొంత ట్రక్కు నడుపుకునేవాడు అందులో నూటికి 80 వంతులు ఆదాయంలోంచి తీసేసుకోవచ్చు. కంపెనీలో జీతానికి పనిచేసే డ్రైవరుకు 2018 నుంచి ఆ వీలు లేదు. అందుకని కొన్ని కంపెనీలు ఏం చేస్తాయంటే, మైలుకు ఇచ్చే కూలిలోనే కొంత విడదీసి పర్ డీమ్ అని రాస్తాయి. ఆ ముక్క మీద పన్ను పడదు. వారం చివర చేతికి వచ్చే డబ్బు కొంచెం పెరుగుతుంది.

కానీ కాగితం మీద జీతం తగ్గుతుంది. జీతం తగ్గితే రేపటి సోషల్ సెక్యూరిటీ పింఛను లెక్క తగ్గుతుంది. దెబ్బ తగిలితే వచ్చే పరిహారం తగ్గవచ్చు. ఇల్లు కొనుక్కోవడానికి బ్యాంకుకు వెళితే అప్పు తగ్గవచ్చు. అందుకే అక్కడి డ్రైవర్లలో ఇది మంచిదని కొందరు, వద్దని కొందరు. బేరం మాత్రం తెలిసిన బేరం. ఇవాళ పన్ను మిగుల్చుకుని, రేపటి లెక్కలో కొంత వదులుకోవడం.

మరి నాగాయలంక డ్రైవరు సంగతి? రేపటి లెక్కలో వదులుకోవడం ఇక్కడా ఉంది. ఇవాళ మిగిలే పన్ను మాత్రం లేదు. నేను ఈ పూట మీకు చెప్పదలచుకున్నది ఇదే. అమెరికా డ్రైవరు ఒకటి తీసుకుని ఒకటి ఇస్తున్నాడు. మనవాడు ఏమీ తీసుకోకుండానే ఇస్తున్నాడు.

ఏం ఇస్తున్నాడో చూద్దాం.

బ్యాంకుకు వెళ్లాడు. పాత పెంకుటిల్లు దించి డాబా వేద్దామని ఆశ. మేనేజరు గారు జీతం కాగితం అడిగారు. అందులో 8,000 ఉంది. "బత్తా వస్తుందండీ, నెలకు ఇంకో 12,000" అన్నాడు మనవాడు. "ఎక్కడ రాసుంది?" అన్నారాయన. ఎక్కడా రాసి లేదు. ఫోన్ తీసి జమలు చూపించాడు. చూస్తే లక్షలు కనిపిస్తున్నాయి! డీజిలు డబ్బు, కూలీల డబ్బు, బత్తా, అన్నీ ఒకే ఖాతాలోకి వచ్చి, ఒకే ఖాతాలోంచి పోయాయి. అందులో ఏది అతనిదో, ఏది లారీదో మేనేజరుకు ఎలా తెలియాలి? రేపు ఎవరైనా ఇంత డబ్బు నీకెక్కడిదని అడిగినా ఇదే తంటా. తన 20,000 రుజువు చేసుకోలేడు. తనవి కాని లక్షలకు మాత్రం సంజాయిషీ చెప్పుకోవాలి.

లారీ ఆగిందనుకోండి. చక్రం తిరిగితేనే బత్తా. 2025 అక్టోబరులో మొంథా తుపాను వచ్చినప్పుడు గుర్తుంది కదా. హైవేల మీద పెద్ద బండ్లను ఆపేశారు. లారీ ఆగితే బత్తా ఆగుతుంది. చెరువులు ఖాళీగా ఉన్న రోజుల్లో బత్తా ఆగుతుంది. ఇంజను పని పడి బండి షెడ్డులో ఉంటే బత్తా ఆగుతుంది. అప్పుడు ఇల్లు 8,000 మీదే నడవాలి. 20,000 కు అలవాటు పడిన ఇల్లు.

ఇవి ఎలాగో నెట్టుకురావచ్చు. నెట్టుకురాలేనిది ఇంకొకటుంది.

ప్రమాదం. చెప్పడానికి నోరు రాదు, కానీ చెప్పుకోవాలి. రాత్రి రెండింటికి నిద్రమత్తులో ఆగి ఉన్న ట్రాలీని గుద్దాడనుకుందాం. ఎదుటి బండి తప్పయితే ఆ బండి బీమా మీద కోర్టులో దావా వేయవచ్చు. తప్పు తనదే అయితే? అప్పుడు భార్యాపిల్లలకు ముఖ్యమైన దారి ఉద్యోగుల నష్టపరిహారం. 1923 నుంచి ఉన్న చట్టం అది. ఇప్పుడు 2020 నాటి సామాజిక భద్రత కోడ్‌లో కలిసింది. ఇందులో తప్పు ఎవరిదని పెద్దగా చూడరు. పనిలో ఉండగా ప్రమాదం జరిగిందా, జరిగితే జీతమెంత, వయసెంత. అంతే.

లెక్క ఎలా కడతారో జాగ్రత్తగా వినండి. డ్రైవరు చనిపోతే నెల జీతంలో సగం తీసుకుంటారు. దాన్ని వయసును బట్టి ఒక అంకెతో గుణిస్తారు. 40 ఏళ్ల వాడికి ఆ అంకె 184 చిల్లర. నెల జీతం ఎంతున్నా 15,000 దాకానే లెక్కలోకి వస్తుంది. అది 2020 జనవరి నుంచి ఉన్న పరిమితి.

మన డ్రైవరుకు రాబడి 20,000. అదంతా జీతమని కాగితం మీద ఉంటే 15,000 మీద లెక్క కడతారు. ఇంటికి వచ్చేది దాదాపు 13,81,000. కాగితం మీద 8,000 మాత్రమే ఉంటే? దాదాపు 7,36,000. మళ్లీ చెబుతాను. అదే మనిషి, అదే లారీ, అదే రోడ్డు. ఒక కాగితం మీద దాదాపు పదమూడు లక్షల ఎనభై ఒక్క వేలు. ఇంకో కాగితం మీద ఏడు లక్షల ముప్పై ఆరు వేలు. ఆరు లక్షలకు పైగా తేడా. ఆ తేడా పేరు బత్తా.

ఎందుకంటే చట్టం జీతానికి అర్థం చెబుతూ, ప్రయాణ భత్యం జీతం కాదు, ఉద్యోగ స్వభావం వల్ల పడే ప్రత్యేక ఖర్చుల కోసం ఇచ్చిన డబ్బు జీతం కాదు అంటుంది. లారీ బీమా కంపెనీ వకీలు ఆ ముక్కే పట్టుకుంటారు. బత్తా తిండి ఖర్చు కాబట్టి జీతం కాదంటారు. ఈ పక్క వకీలు, అయ్యా ఆ డబ్బుతోనే ఇల్లు నడిచింది అంటారు. రుజువేదీ అంటారు వాళ్లు. టూల్ బాక్సులోని స్టవ్వును కోర్టుకు తెచ్చి చూపించలేం కదా.

మరి అందరికీ తెలిసీ ఇలా ఎందుకు నడుస్తోంది? ఓనర్లు దొంగలు కాబట్టా? నేను అలా అనను. మన వైపు చాలామంది ఓనర్లకు ఉన్నవి ఒకటో రెండో బండ్లు. నిన్నటిదాకా స్టీరింగు పట్టినవాళ్లే. నెల తిరిగేసరికి ఫైనాన్సు వాయిదా కట్టాలి. టైర్లు, ఇన్సూరెన్సు, ఫిట్‌నెస్. బండి తిరగని నెలలో 20,000 జీతం ఇవ్వాలంటే వాళ్లకూ కష్టమే. బత్తా అయితే బండి తిరిగినప్పుడే ఇస్తారు. వాళ్ల భయం అర్థం చేసుకోదగ్గదే. చిన్న జీతం, పెద్ద బత్తా పద్ధతి ఇరవై, ముప్పై మంది డ్రైవర్లున్న పెద్ద ట్రాన్స్‌పోర్టు కంపెనీలో కనిపిస్తే మాత్రం నాకు అంత జాలి లేదు. 20 మంది, అంతకన్నా ఎక్కువ ఉన్న చోట ప్రావిడెంట్ ఫండ్ కట్టాలి. జీతం ఎంత తక్కువ రాస్తే అంత తక్కువ కడితే సరిపోతుంది. అందరికీ ఒకేలా ఇచ్చే అలవెన్సులను విడగొట్టి పీఎఫ్ తప్పించుకోవడం కుదరదని 2019 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది కూడా.

ఇక రెండో పక్క. డ్రైవరే ఒప్పుకుంటాడు. ఎందుకో మీకు తెలుసు. రేషన్ కార్డు. మన రాష్ట్రంలో పల్లెల్లో నెల ఆదాయం 10,000 దాటకూడదని, పన్ను కట్టే కుటుంబం కాకూడదని నిబంధనలు పెట్టారు. కాగితం మీద 8,000 ఉంటే కార్డుకు ఢోకా లేదు. 20,000 ఉంటే ఏమవుతుందోనని భయం. "వద్దులే ఓనరుగారూ, ఉన్నట్టే ఉండనివ్వండి" అంటాడు. ఆ భయాన్ని నేను తీసిపారేయను. నెలనెలా బియ్యం మానుకోమని ఎవరికీ సలహా చెప్పను. కానీ ఇంట్లో భార్యాభర్తలు ఇద్దరూ కూర్చుని ఆ లెక్కా, ఈ లెక్కా పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. చాలా ఇళ్లలో ఆడవాళ్లకు భర్త జీతం కాగితం మీద ఎంతుందో కూడా తెలియదు. తెలిసేది ప్రమాదం జరిగాకే.

ఇప్పుడు ఒక మంచి కబురు. 2025 నవంబరు 21 నుంచి నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. అందులో జీతానికి కొత్త అర్థం ఉంది. ఖర్చులు, భత్యాలు పేరుతో పక్కకు తీసేది మొత్తం రాబడిలో సగం దాటకూడదు. దాటితే, దాటిన ముక్క జీతంలో కలిసిపోతుంది. మన డ్రైవరు మొత్తం 20,000. సగం 10,000. బత్తా 12,000 ఉంది కదా, సగం దాటిన 2,000 జీతంలో చేరుతుంది. 8,000 కాస్తా 10,000 అవుతుంది. పరిహారం 7,36,000 నుంచి 9,20,000 దాకా పెరుగుతుంది. 13,81,000 దాకా రాలేదు. అయినా కదిలింది.

కానీ చూడండి, ఈ సగం లెక్క కట్టాలన్నా మొత్తం 20,000 అని తెలియాలి. బత్తా ఎక్కడా రాసి లేకపోతే సగం దేంట్లో సగం? మళ్లీ కాగితం దగ్గరికే వచ్చాం.

పనిలో పెట్టుకునేటప్పుడు నియామక పత్రం ఇవ్వాలని కూడా కొత్త కోడ్‌లు చెబుతున్నాయి. పెద్ద పెద్ద మాటలు అక్కర్లేదు. ఫలానా తేదీ నుంచి ఫలానా వారి దగ్గర డ్రైవరు, నెల జీతం ఇంత, బత్తా రోజుకు ఇంత. కింద సంతకం. ఆ జీతం ప్రభుత్వం ప్రకటించిన కనీస వేతనానికి తగ్గకూడదు, అది గుర్తుపెట్టుకోండి. జీతం ఒక తేదీన విడిగా ఖాతాలో పడితే ఇంకా మంచిది. డీజిలు డబ్బు, దారి ఖర్చులు ఓనరుగారి కార్డు మీదో, ఇంకో ఖాతాలోనో నడిపితే మరీ మంచిది. ట్రిప్పు షీటులో బత్తాకు ఒక గడి ఉండాలి. అది నింపి, ఫోనుతో ఫొటో తీసి ఇంటికి పంపించండి. ఆ ఫొటో భార్య ఫోన్లో ఉంటే చాలు.

సొంత లారీ సొంతంగా నడుపుకునే వాళ్లకు ఒక్క మాట. పది బండ్ల దాకా ఉన్నవాళ్లు పన్ను చట్టం ఇచ్చిన అంచనా పద్ధతి పట్టుకుంటే, 12 టన్నులు దాటిన బండికి టన్నుకు నెలకు 1,000, చిన్న బండికి నెలకు 7,500 ఆదాయమని వేసుకుంటారు. అందులో ఖర్చులన్నీ పోయినట్టే లెక్క. మీ బత్తా, మీ తిండి అందులోనే కలిసిపోయాయి, మళ్లీ తీసేయడానికి లేదు. ఆదాయం అంతకన్నా ఎక్కువ వచ్చిందని మీరే చూపిస్తే అదే తీసుకుంటారు.

చివరగా ఓనర్లు వింటుంటే మీతో ఒక సంగతి. డ్రైవరుకు జీతం ఎక్కువ రాస్తే రేపు ప్రమాదం జరిగినప్పుడు అంతా మా మెడకు చుట్టుకుంటుందని చాలామంది భయపడతారు. మీ లారీ పాలసీ తీసి చూడండి. జీతానికి పనిచేసే డ్రైవరు కోసం అందులో చిన్న ప్రీమియం ఒకటి వేసి ఉంటుంది. పాలసీ సక్రమంగా ఉండి, డ్రైవరుకు సరైన లైసెన్సు ఉంటే, ఆ పరిహారం కట్టేది బీమా కంపెనీ. మీ డ్రైవరు జీతం 8,000 అని రాసినా, 15,000 అని రాసినా ఆ ప్రీమియం రూపాయి మారదు. ఎలాగూ ఇస్తున్న డబ్బే. బత్తాలోంచి కొంత జీతంలోకి మార్చి రాస్తే బండి ఆగిన నెలలో కొంచెం బరువు పడుతుంది, కాదనను. ఎంత మార్చాలో మీరూ మీ డ్రైవరూ కూర్చుని తేల్చుకోండి. లోడు ఎక్కకముందే తేల్చుకోండి. ఐసు పడ్డాక మీకూ తీరికుండదు, అతనికీ ఉండదు.